తూర్పున తుపాను, పడమట వరద
నెల్లూరు జిల్లా ఆత్మకూరు పట్టణవాసుల కోసం జరిగిన అవగాహన సభలో జలవనరుల శాఖ విశ్రాంత ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

సముద్రానికి ఇంత దూరాన ఉన్న ఆత్మకూరులో తుపాను మీద సభ ఏమిటని సభ మొదలయ్యే ముందు ఒకరిద్దరు పెద్దలు నన్ను అడిగారు. అడగదగిన ప్రశ్నే. ఉప్పెన మన దాకా రాదు. వెచ్చని సముద్రం నుంచి అందే తేమ ఆగిపోవడం వల్లా, నేల మీది చెట్లూ గుట్టలూ గాలిని అడ్డగించడం వల్లా తీరం దాటిన కొద్ది గంటలలోనే తుపాను వాయుగుండంగానూ, ఆ తరువాత అల్పపీడనంగానూ బలహీనపడుతుంది. అయితే గాలి తగ్గినంత వేగంగా వాన తగ్గదు. మనకు పడమట వెలిగొండలు ఉన్నాయి. వాటికి ఆవల కడప జిల్లాలో పాలకొండలు, శేషాచలం కొండలు ఉన్నాయి. సముద్రం నుంచి వచ్చిన తేమగాలి ఆ కొండలకు తగిలి పైకి లేచినప్పుడు కురిసే వాన అంతా ఏటికో వాగుకో చేరి తిరిగి తూర్పుకే, అంటే మన వైపుకే, ప్రయాణం కడుతుంది. కాబట్టి తుపాను వార్త వినగానే మనం తూర్పు దిక్కు చూడడం అలవాటైన పనే అయినా, ఆ వార్త ముగిసిన మరునాడు పడమర నుంచి ఏమి వస్తున్నదో చూడడం మన పట్టణానికి అంతకన్నా అవసరం. ఈ రోజు నేను చెప్పదలచిన మాట ఇదే. మిగిలినదంతా దాని వివరణ.

2021 నవంబరు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ నెల 19వ తేదీన పుదుచ్చేరికీ చెన్నైకీ నడుమ తీరం దాటినది తుపాను కాదు, వాయుగుండం మాత్రమే. తుపాను స్థాయికి చేరలేదు కనుక దానికి పేరు కూడా పెట్టలేదు. పేరు లేని ఆ వాయుగుండమే కడప జిల్లాలో కుంభవృష్టి కురిపించి చెయ్యేరును పొంగించింది. అదే రోజు ఉదయం అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయి, రాజంపేట వైపు ఏటి ఒడ్డు గ్రామాలలో ప్రాణనష్టం జరిగింది. ఆ నీరు పెన్నలో కలిసి సోమశిల జలాశయానికి చేరినప్పుడు వచ్చిన వరద ఐదు లక్షల క్యూసెక్కులు దాటింది. నెల్లూరుకూ కోవూరుకూ మధ్య పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కొట్టుకుపోయింది, రైలు కట్ట కోతకు గురైంది, చెన్నై–విజయవాడ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. వాయుగుండం తీరం దాటిన చోటికీ పడుగుపాడుకూ ఎంత దూరమో ఆలోచించండి. తుపాను మనకు దూరంగా పోయింది కదా అని నిశ్చింతగా పడుకోవడానికి వీలులేదని ఆ ఏడాది తేలిపోయింది.

క్యూసెక్కులు, టీఎంసీలు అని పత్రికలలో చదువుతాము గాని వాటి పరిమాణం సులభంగా మనసుకు తట్టదు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. అది సుమారు 28 లీటర్లు. నూరు కోట్ల ఘనపుటడుగుల నీరు ఒక టీఎంసీ. లక్ష క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే 8.64 టీఎంసీలు అవుతుంది. సోమశిల పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు. ఐదు లక్షల క్యూసెక్కులు ఒక్క రోజు అదే జోరుతో వస్తే 43 టీఎంసీలు, అంటే జలాశయంలో సగానికి పైగా నీరు. అయితే నవంబరు నెలలో సోమశిల ఖాళీగా ఉండదు. మన జిల్లాకు ఏడాదిలో కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలలోనే కురుస్తుంది. రబీ నాట్లకు నీళ్లు కావాలంటే ఆ నెలలలోనే జలాశయం నింపుకోవాలి. తుపానులు వచ్చేదీ ఆ నెలలలోనే. నింపుకోవాలన్న రైతు ఆశకూ, ఖాళీ ఉంచాలన్న వరద భయానికీ మధ్య గేట్ల దగ్గర కూర్చున్న ఇంజనీరు నలిగిపోతాడు. ఈ మాట నా వృత్తిని వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. గేట్లు ఎత్తారన్న వార్త వినగానే ఎవరో తప్పు చేశారనో, ఆనకట్ట తెగుతున్నదనో అనుకోవద్దని చెప్పడానికి మాత్రమే ప్రస్తావించాను. గేట్లు ఎత్తడం ఆనకట్టను కాపాడే పని. 'సోమశిల తెగిందట' అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే దానిని ఇంకొకరికి పంపక ముందు 1077కు, అంటే జిల్లా కంట్రోల్ రూముకు, ఫోన్ చేసి అడగండి. అర్ధరాత్రి వదంతి విని పిల్లలతో రోడ్డున పడి పరుగెత్తే జనానికి వరద కన్నా ఆ చీకటిలోని వాగే ఎక్కువ ప్రమాదకరం.

ఇక హెచ్చరికల విషయం. భారత వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలను నాలుగు దశలలో ఇస్తుంది. తీరంలో ప్రతికూల వాతావరణం మొదలవుతుందనుకునే సమయానికి 72 గంటల ముందు వచ్చేది ముందస్తు సమాచారం. 48 గంటల ముందు వచ్చేది అప్రమత్తత సూచన. 24 గంటల ముందు వచ్చేది అసలు హెచ్చరిక. ఈ మూడింటినీ టీవీలు గంటగంటకూ చెబుతాయి. నాలుగవది తీరం దాటడానికి సుమారు 12 గంటల ముందు వెలువడుతుంది. తీరం దాటిన తరువాత తుపాను ఏ దిశగా కదులుతుంది, లోపలి జిల్లాలలో ఎక్కడ ఎంత వాన, ఎంత గాలి ఉంటాయి అన్నది అందులో ఉంటుంది. అది ప్రధానంగా మన వంటి ఊళ్ల కోసమే రాసే ప్రకటన. ఆ సమయానికి టీవీలన్నీ తీరంలో ఎగసిపడే అలల ముందు విలేఖరులను నిలబెట్టి ఉంటాయి కాబట్టి అది ఎవరి చెవికీ ఎక్కదు. మన పురపాలక సంఘంలోనో, ప్రతి వార్డు సచివాలయంలోనో ఆ నాలుగవ ప్రకటనను తెప్పించుకుని, అందులో కడప, నెల్లూరు, ప్రకాశం జిల్లాల గురించి ఉన్న నాలుగు వాక్యాలను మైకులో చదివించే బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించాలని నా మొదటి మనవి.

వాన హెచ్చరికలకు పసుపు, నారింజ, ఎరుపు రంగులు వాడుతున్నారు. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతిభారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం అని లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 200 మిల్లీమీటర్లు కురిస్తే ఒక్క ఎకరం మీదనే ఎనిమిది లక్షల లీటర్లు పడినట్టు. ఇళ్లు కట్టుకుంటూ పోయి కాలువలు పూడ్చిన వీధిలో ఆ నీరు ఎటు పోవాలి? పూర్వం అది పోయే దారి మీద ఇప్పుడు ఎవరి ప్రహరీ గోడ ఉన్నదో మీ వీధి పెద్దలకు తెలుసు; నేను చెప్పనవసరం లేదు.

మన పట్టణానికి పెన్న దక్షిణాన ఉన్నది గాని ఊరిని ఒరుసుకుని పారదు. మనకు దగ్గరి ప్రమాదం చెరువులూ వాగులూ. ఈ ప్రాంతపు చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు కలుజు, అంటే మిగులు నీరు పొర్లిపోయే అలుగు, పారిన నీరు కింది చెరువుకు చేరుతుంది. పై చెరువుకు గండి పడితే ఆ నీరంతా ఒక్క ఉదుటున కింది చెరువు మీద పడి, మామూలు వానకు తట్టుకోగలిగిన కట్టను కూడా తెంచుతుంది. ఎక్కువ నీరు నిలుపుకోవాలన్న ఆశతో కలుజు మీద ఇసుక బస్తాలు పేర్చడం మనకు పాత అలవాటు. అక్టోబరు నెల మొదటి వారంలోగా ఆ బస్తాలు తీసివేయాలి. అడుగు ఎత్తు నీరు ఎక్కువ నిలిపి సంపాదించుకునే తడి కన్నా, కట్ట తెగితే పోయేది చాలా ఎక్కువ.

చెరువు కట్టను పరిశీలించడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన గండ్లలో చాలావరకు నీరు కట్ట మీదుగా పొర్లి పడినవి కావు. లోపల బుంగ పడి తెగినవి. ఎలుక బొరియలు, పీత బొరియలు, కట్ట మీద కొట్టేసిన తుమ్మచెట్ల వేళ్లు కుళ్లిపోయిన ఖాళీలు, పాత తూము గోడకూ మట్టికీ మధ్య ఏర్పడిన సందులు వీటికి మూలం. వానలో కట్ట మీద నడిచేవారు నీటి వైపే చూస్తూ నడుస్తారు. చూడవలసింది పొలాల వైపున కట్ట పాదం. అక్కడ తేమ కనిపించినా, తేటనీరు సన్నగా ఊరుతున్నా వెంటనే భయపడనవసరం లేదు. అక్కడ ఒక పుల్ల గుచ్చి, గంటకోసారి చూసి, ఊట పెరుగుతున్నదా లేదా గమనించాలి. ఊరే నీరు బురదరంగుకు తిరిగితే మాత్రం కట్ట లోపలి మట్టి నీటితో పాటు బయటికి వస్తున్నదని అర్థం. ఇక వ్యవధి గంటలలోనే. అప్పుడు అందరూ చేసే పొరపాటు, ఆ నీరు వస్తున్న రంధ్రాన్ని బంకమట్టితో బిగించివేయడం. బిగిస్తే నీరు ఆగదు, పక్కనుంచి దారి చేసుకుంటుంది. నీటిని పోనిచ్చి మట్టిని మాత్రం పోకుండా పట్టాలి: ముందు ముతక ఇసుక, దాని మీద కంకర, దాని మీద రాళ్లు పరవాలి. లేదా ఊట చుట్టూ ఇసుక బస్తాలు బావి ఒరలాగా గుండ్రంగా పేర్చి, ఆ ఒరలో నీరు పైకి లేవనివ్వాలి. లోపలి నీటి మట్టానికీ బయటి మట్టానికీ తేడా తగ్గిన కొద్దీ ఊట ఉధృతి తగ్గుతుంది. బంకమట్టి, గడ్డి, బస్తాలు వేసి మూయవలసింది చెరువు లోపలి వైపు బుంగ నోటిని, అది కనిపిస్తే. ఈ పనికి కావలసిన ఇసుక, కంకర, ఖాళీ గోతాలు వానకు ముందే కట్ట దగ్గర గుట్టగా పోసి ఉండాలి. వాన పడుతుండగా ట్రాక్టరు ఆ బురదలో కట్ట దాకా రాదు.

గాలి గురించి ఒక మాట. మన దాకా తుపాను గాలి రానే రాదని నేను అనడం లేదు. 1989 నవంబరులో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, నేలను దాటి బంగాళాఖాతంలోకి ప్రవేశించి, మళ్లీ బలపడి వచ్చిన తుపాను తీరం దాటింది కావలి దగ్గరనే. కావలి మనకు పరాయి దేశం కాదు. అటువంటిది మళ్లీ వస్తే రేకుల ఇళ్లు, హోర్డింగులు, చెట్ల కింద పెట్టిన వాహనాలు ముందు దెబ్బతింటాయి. ఎండిన కొమ్మలు ముందే కొట్టించండి, రేకుల హుక్కులు బిగించండి, మేడ మీది సామాను కిందికి దించండి. తుపాను కేంద్రం మీదుగా పోతే కాసేపు గాలి నిలిచిపోయి తరువాత ఎదురు దిక్కు నుంచి విసురుతుంది. ఆ నిశ్శబ్దంలో బయటికి రాకండి. తెగిపడిన కరెంటు తీగ కనిపిస్తే విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పండి, కర్రతో కూడా దానిని కదపకండి.

ఇప్పుడు తరలింపు. ఇది ఈ సభలో అసలు పని. పట్టణం మొత్తం ఖాళీ చేయవలసిన అవసరం మనకు రాదు. తరలవలసినవారు కొందరే: పూరిళ్లలో, పాత మట్టిమిద్దెలలో ఉన్నవారు, వాగు పోరంబోకులోనూ కాలువ గట్ల మీదా ఇళ్లు వేసుకున్నవారు, చెరువు కట్ట కింది కాలనీలవారు. వారి పేర్లు వార్డు వారీగా ఇప్పుడే, ఎండ కాస్తున్నప్పుడే రాసుకోవాలి. ఆ జాబితాలో ఇంటి నంబరు, మనుషుల సంఖ్య మాత్రమే రాస్తే చాలదు. నడవలేని ముసలివారు ఎవరు, మంచం మీద ఉన్నవారు ఎవరు, నెలలు నిండిన గర్భిణులు ఎవరు, డయాలసిస్‌కు నెల్లూరు వెళ్లేవారు ఎవరు, ఇన్సులిన్ వాడేవారు ఎవరు అన్నది కూడా ఉండాలి. సంగం దగ్గర బీరాపేరు వాగు పొంగి రోడ్డు మీదికి వస్తే నెల్లూరు దారి ఆగుతుంది. అప్పుడు అంబులెన్సు ఎంత త్వరగా బయలుదేరినా ప్రయోజనం లేదు. కాబట్టి నెలలు నిండినవారినీ డయాలసిస్ రోగులనూ ఎర్ర హెచ్చరిక వచ్చిన రోజునే నెల్లూరులో బంధువుల ఇంటికో ఆసుపత్రికో చేర్చాలి. వీరి తరలింపు మిగిలినవారికన్నా ఒక రోజు ముందు జరగాలి.

ఎక్కడికి తరలాలి? సాధారణంగా బడి భవనమో, కల్యాణ మండపమో పునరావాస కేంద్రంగా పెడతారు. కేంద్రాన్ని ఎంచేటప్పుడు భవనం గట్టిదా కాదా అని చూస్తారు గాని, అక్కడికి వెళ్లే దారిలో చప్టా ఉన్నదా అని చూడరు. వాగుకు ఇవతల ఉన్నవారి కేంద్రం ఇవతలే ఉండాలి. ఎంత మంచి భవనమైనా వాగు దాటి చేరవలసినదైతే అది ఆ వీధికి పనికిరాదు. ఎప్పుడు తరలాలి? పగటిపూట, సాయంత్రం నాలుగు గంటలలోగా, రోడ్డు ఇంకా పొడిగా ఉండగా. ఆ సమయానికి ఆకాశం చూస్తే ఏమంత ప్రమాదం ఉన్నట్టు కనిపించదు. అందుకే జనం కదలరు. అర్ధరాత్రి నీళ్లు గడప ఎక్కిన తరువాత కదలమని చెప్పనవసరమే లేదు, కానీ అప్పుడు కదలడానికి దారి ఉండదు.

జనం ఎందుకు కదలరన్నది కూడా నిజాయతీగా మాట్లాడుకోవాలి. అవగాహన లేక అని అధికారులు రాసేస్తారు. నేను విన్న కారణాలు వేరు. ఇల్లు వదిలితే దొంగలు పడతారని భయం. గొడ్లను ఎవరు చూస్తారన్న దిగులు. బడిలో మరుగుదొడ్లకు తలుపు లేదని, నీళ్లు రావని ఆడవారి సంకోచం. ఇవి మూర్ఖత్వాలు కావు, సరైన కారణాలు. కేంద్రంలో ఆడవారికి వేరే గది, లోపలి నుంచి గడియ పడే మరుగుదొడ్డి, రాత్రంతా వెలిగే దీపం, ఖాళీ చేసిన వీధిలో ఇద్దరు కాపలా మనుషులు, గొడ్లకు మెరక మీద ఒక చోటు. ఈ ఏర్పాట్లు చేసి, పోయినసారి కన్నా ఎక్కువమంది వచ్చారా లేదా చూడండి. నా నమ్మకం, వస్తారు.

గొడ్ల విషయానికి వస్తే, కొట్టంలో పలుపుతో కట్టిన గొడ్డు నీటిలో ఈదలేక చస్తుంది, విప్పి వదిలినది మెరక వెతుక్కుంటుంది. ముందుగా మెరకకు తోలడం ఉత్తమం. అందుకు వీలు లేకపోతే కనీసం పలుపు విప్పి వెళ్లండి. చెవికి ట్యాగు ఉన్నదో లేదో ముందే చూసుకోండి. పరిహారం సమయంలో అది సాక్ష్యం.

ప్రతి ఇంటిలో ఒక సంచి సిద్ధంగా ఉండాలి. ఆధారు, రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, పిల్లల మార్కుల పత్రాలు ఒక ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి అందులో పెట్టండి. వారం రోజుల మందులు, కళ్లజోడు, టార్చి, రెండు జతల బట్టలు, పసిపిల్లలుంటే పాలపొడి. ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టండి; ఛార్జింగు అయిపోయిన ఫోనులో ఉన్న నంబరు ఎవరికీ అందదు. 112, 108, జిల్లాకు 1077, రాష్ట్రానికి 1070 కూడా ఆ కాగితం మీదే ఉండాలి. బయలుదేరే ముందు మెయిన్ స్విచ్చి దించాలి, గ్యాసు రెగ్యులేటరు ఆపాలి.

చప్టాల మీద పారే నీటి గురించి యువకులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. వేగంగా పారే నీరు పదిహేను సెంటీమీటర్లు, అంటే చీలమండ దాటితే చాలు, మనిషి కాలు నిలవదు. ముప్పై సెంటీమీటర్లకు చిన్న కారు తేలుతుంది. అరవైకి పెద్ద వాహనాలే కొట్టుకుపోతాయి. నీటి అడుగున రోడ్డు ఉన్నదో, కోసుకుపోయిందో పైనుంచి తెలియదు. రోజూ తిరిగే దారే కదా అన్న ధైర్యమే మనిషిని ముంచుతుంది. ప్రతి చప్టాకూ రెండు వైపులా ఎర్ర రంగుతో గీత గీయించి, నీరు ఆ గీత తాకగానే అడ్డుగా ట్రాక్టరు నిలిపే మనిషిని ముందే నియమించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఇంకొక సంగతి కూడా ఆలోచించి పెట్టుకోవాలి. తీరంలో పెద్ద తుపాను వచ్చినప్పుడు అక్కడి బంధువులు మన ఇళ్లకు వస్తారు. నెల్లూరు–ముంబయి రహదారి మీద ఉన్న మన ఊరికి లారీలు, బస్సులు వచ్చి నిలిచిపోతాయి. పాలు, కూరగాయలు, పెట్రోలు ఒక్క పూటలో అయిపోతాయి. తాగునీటి ట్యాంకులు నింపుకోవడం, జనరేటరుకు డీజిలు ఉంచుకోవడం, మందుల దుకాణాలు నిల్వ పెంచుకోవడం ముందు రోజే జరగాలి.

వరద తీసిన తరువాతి రెండు వారాలను చాలా మంది లెక్కలోకి తీసుకోరు. ఇంటికి తిరిగి వచ్చినప్పుడు గోడలు నానిపోయి ఉంటాయి; మట్టిమిద్దె ఎండ కాసిన మరునాడు కూలడం నేను చూశాను. తడిసిన స్విచ్చిబోర్డును ఎలక్ట్రీషియన్ చూడక ముందు ముట్టుకోకండి. సామాను సర్దేటప్పుడు చేతులు పెట్టే ముందు కర్రతో కదిపి చూడండి, పాములు చేరి ఉంటాయి. కాటు పడితే నాటువైద్యం కోసం కాలం పాడు చేయకుండా 108కి ఫోన్ చేయండి. బావి నీటిలో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి కలిపి, కనీసం గంట ఆగిన తరువాతే తోడాలి. నీరు మురికిగా ఉంటే ముందు తోడి పారబోసి, తేరిన తరువాత కలపాలి. బిందెలకైతే అరగ్రాము క్లోరిన్ మాత్ర ఇరవై లీటర్లకు సరిపోతుంది. ఇంత చేసినా పసిపిల్లలకు కాచి చల్లార్చిన నీరే ఇవ్వండి.

నష్టపరిహారం కోసం ఇల్లు శుభ్రం చేయక ముందే ఫోటోలు తీసుకోండి. నీటి మట్టం గోడ మీద ఎంత ఎత్తున మరక వేసిందో అది కూడా పడేలా తీయండి. ఆ మరకను సున్నం వేసి చెరపక ముందు పక్కన తేదీ రాయండి. వీఆర్వో గారికి అది పరిహారపు లెక్క; మాబోటి ఇంజనీర్లకు అది వచ్చే ఏటి తరలింపు జాబితా ఏ ఇంటి దగ్గర మొదలుపెట్టాలో చెప్పే కొలత.

వెనుక బల్ల మీద వార్డుల వారీగా ఖాళీ జాబితాలు, పెన్నులు పెట్టించారు. చెరువు కట్ట కింది వీధులవారు ముందు రండి. కుర్చీ దిగలేని పెద్దలుంటే కాగితాన్ని వారి దగ్గరికే తీసుకువెళ్లమని మన పిల్లలకు చెబుతున్నాను. మీ ప్రశ్నలు అక్కడే నిలబడి వింటాను.